పలచటి నూనె

బేతంచెర్ల,
3 నవంబరు 1946

చిరంజీవి చౌడప్పకు అన్న రామలింగప్ప దీవించి రాసేది. ఇక్కడ నేను, మీ వదిన గురమ్మ, నీ కూతురు బసమ్మ వేళకు తిని తిరుగుతున్నాము. నువ్వూ అట్లే ఉన్నావనుకుంటాను, లేకుంటే తంతి వచ్చేది కదా.

నీతో ఒక పని పడింది. మా సావుకారు తిమ్మయ్య పోయిన నెల మద్రాసులో ఒక దొర దగ్గర అమెరికా కారు కొన్నాడు. దొర సీమకు పోతూ పోతూ ఈయనకు అంటగట్టిపోయినాడు. బండల గనిలో లారీ తోలే నన్ను తెచ్చి దాని మీద కూర్చోబెట్టినారు. దానికి క్లచ్చి లేదు. అబద్ధం కాదు. కాళ్ళ కింద రెండే ఉన్నాయి, ఒకటి పోవడానికి, ఒకటి ఆగడానికి. గేర్లు దానంతట అదే మార్చుకుంటుంది. మొదటి వారమంతా నా ఎడమ కాలు ఊరికే గాలిని తొక్కింది. సావుకారు పక్కన కూర్చుని, "ఏమప్పా రామలింగప్పా, ఆ కాలికి తిమ్మిరెక్కిందా ఏమి?" అని ఒకటే నవ్వు.

ఇప్పుడు గేరు మారినప్పుడల్లా ఎవరో వెనక నుంచి తోసినట్టు ఎగురుతోంది. నూనె మార్చాలని దొర చెప్పినాడంట. దానికని కొన్ని డబ్బాల నూనె కూడా ఇచ్చిపోయినాడు. మిలిటరీలో ఇట్లాంటివి నువ్వు చూసి ఉంటావు. ఎట్ల మార్చాలో విడమరిచి రాయి. నూలు దొరక్క మగ్గం దిగి నాలుగేండ్లే అయింది, తెలియనిది తెలుసునని చెప్పను.

బసమ్మకు అయిదు నిండినాయి. కారు ఇంకా గని మలుపు కాడ ఉన్నప్పుడే చప్పుడు పట్టి, "పెద్దనాయన వస్తాండాడు" అని గురమ్మకు చెప్తుందంట. లారీ చప్పుడు వేరే, కారు చప్పుడు వేరే అంట దానికి. గురమ్మను అమ్మా అంటుంది. నిన్న నేను, "మీ నాయన యాడుండాడే?" అని అడిగితే "జాబులో ఉండాడు" అనింది.

నీ అన్న,
రామలింగప్ప

మద్రాసు,
11 నవంబరు 1946

అన్నకూ వదినకూ తమ్ముడు దూరం నుంచే కాళ్ళు మొక్కుతున్నాడు.

"జాబులో ఉండాడు" అన్న మాట చదివి నవ్వినాను. కొంచెంసేపటికి నవ్వు పోయింది. దాని తల్లి కలరాతో పోయిన ఏడు నేను అస్సాంలో మిలిటరీ లారీల కింద పడుకుని ఉంటిని. వదిన ఎత్తుకోకపోతే ఆ బిడ్డ ఏమయ్యేదో. యుద్ధం అయిపోయినా ఈ మిలిటరీ రిపేరు షెడ్డు నన్ను వదలడం లేదు. మూడేండ్లలో రెండుసార్లు చూసినాను దాన్ని.

సరే, నీ కారు. ముందు నాలుగైదు మైళ్ళు తోలి నూనెను వేడి చెయ్యి. చల్లటి నూనె సరిగా దిగదు, మురికి లోపలే ఉండిపోతుంది. చదునైన చోట ఆపి ఇంజను కట్టెయ్యి. గేరు పెట్టె అడుగున బిరడా ఉంటుంది, తీసి కారనియ్యి. అంతటితో అయిందనుకునేవు. దాని ముందు భాగంలో పెద్ద చక్రం ఒకటుంది, ఇంకా కొంత నూనె అందులో దాక్కుని ఉంటుంది. చిన్న మూత తీసి ఇంజనును చేత్తో మెల్లగా తిప్పుతూ ఉంటే ఆ చక్రం బిరడా కూడా కనపడుతుంది. అదీ విప్పు. రెండూ కారిపోయినాక బిగించి, ఎనిమిది సీసాలు పోసి ఇంజను నడిపించు. నడుస్తుండగానే కొలత పుల్ల పెట్టి చూస్తూ మిగిలింది పొయ్యి. ఇంజను ఆపి చూస్తే ఆ పుల్ల అబద్ధం చెప్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, దొర ఇచ్చిన నూనే పొయ్యి. పలచగా ఉంటుంది, భయపడొద్దు. లారీ గేర్లకు పోసే మందపు నూనె ఇందులో చుక్క తగలకూడదు. లారీలో ఇనుము ఇనుమును తిప్పుతుంది. ఇందులో నూనే చక్రాన్ని తిప్పేది. నూనె పరుగెత్తాలి అన్నా, కూర్చోకూడదు.

ఇంతకంటే చెప్పాలంటే నేనే వచ్చి కారు కింద పడుకోవాల. సెలవు అడిగితే ఫోర్‌మను మొగం మాడ్చుకుంటాడు.

చౌడప్ప

బేతంచెర్ల,
22 నవంబరు 1946

చిరంజీవి చౌడప్పకు అన్న ఆశీస్సులు. అందరమూ బాగున్నాము. ఇక్కడ చలి మొదలైంది. బసమ్మ మొన్న బండల మీద జారి మోకాలు గీరుకునింది, ఏడ్చింది, మరిచిపోయింది.

నూనె మార్చినాను. వేడి చేయడం, రెండు బిరడాలు, ఇంజను నడిపిస్తూ కొలవడం అన్నీ నువ్వు చెప్పినట్టే. ఒక్కటి మాత్రం చెప్పినట్టు చేయలేదు, కోపం చేసుకోవద్దు. దొర డబ్బా తెరిచి రెండు వేళ్ళ మధ్య పట్టి చూసినాను. నీళ్ళు! వేళ్ళ మధ్య ఒక్క తీగ సాగలేదు. ఏ బట్లరో సగం మింగి సగం ఏదో కలిపినాడని నాకు అనుమానం. ముప్పై ఏండ్లు పడుగుకు గంజి పెట్టిన చేయి ఇది. గంజి పలచనైతే పోగు తెగుతుంది, చిన్నప్పుడు నీకు ఆ మాట చెప్పిందే నేను. అందుకని గని లారీలకు పోసే మంచి మందపు నూనె పోసినాను. తేనెలాగా దిగింది.

కారు ఇప్పుడు ఎగరడం లేదు, మెత్తగా పోతోంది. సావుకారు, "చేత్తో నేసినట్టుండాదప్పా" అన్నాడు. మీ మిలిటరీ చదువు మంచిదే గానీ, అన్ని సంగతులూ చదువుతో రావు.

రామలింగప్ప

మద్రాసు,
29 నవంబరు 1946

అన్నా, తీసెయ్యి. ఈ జాబు చదవడం కూడా సగంలో ఆపి పోయి తీసెయ్యి.

అది గంజి కాదు, పడుగు కాదు. మెత్తగా పోతోందంటే బాగైందని కాదు, నూనె బరువుకు అది సరిగా గేరు మార్చలేకుండా ఉంది. ఊళ్ళో చదునులో పోతుంది. గుట్ట ఎక్కించినావంటే ఇంజను అరుస్తుంది, కారు నిలబడుతుంది. లోపల నూనె నురగ కట్టి కాలిపోతుంది. నీ చేయి మంచి చేయే, ఊరంతా ఒప్పుకున్నారు, నేనూ ఒప్పుకుంటాను. ఈ ఒక్కదానికి తమ్ముడి మాట విను. ఒక్క సాయంత్రం పని.

దొర డబ్బాలు పారేయలేదు కదా? పారేసి ఉంటే రాయి, ఇక్కడి నుంచి రైల్లో పంపిస్తాను. వదినకు చెప్పు, అన్న మొండితనం పొయ్యిలో పెట్టినా కాలదని.

చౌడప్ప

బేతంచెర్ల,
29 డిసెంబరు 1946

చౌడప్పా,

ఇది పోస్టు చేస్తానో లేదో రాసినాక చూస్తాను.

బసమ్మకు చెవులు పోయినాయి. ఏమీ వినపడదు.

పదో తేదీ జ్వరం వచ్చింది. మరుసటి దినం తెల్లవారేసరికి మెడ తిప్పలేకపోయింది. ఇక్కడి వైద్యుడు బాలస్వామి చూసి, "ఇది నా చేతిలో పని కాదు, కర్నూలుకు తీసుకపోండి, ఆలస్యం చేయొద్దండి" అన్నాడు. రైలు మధ్యాహ్నం దాటితే గానీ లేదు. సావుకారు తనే వచ్చి తాళంచెవి నా చేతిలో పెట్టి, "నిలబడి ఏం చూస్తాండావు, పో" అన్నాడు. గురమ్మ బిడ్డను ఒళ్ళో వేసుకుని వెనక కూర్చునింది.

రామళ్ళకోట గుట్ట దగ్గర ఏటవాలు మొదలైనాక ఇంజను అరిచింది. కారు నిలబడింది. నేను తొక్కేకొద్దీ అరుపు పెరుగుతుంది, చక్రం కదలదు. తర్వాత కాలిన వాసన వచ్చింది. గురమ్మ, "ఏమైంది?" అని అడిగింది. "తెలీదు" అన్నాను. నాకు తెలుసు. నువ్వు రాసినట్టే, ఒక్క మాట అటూ ఇటూ లేకుండా జరిగింది.

పొద్దు నడినెత్తికి వచ్చినాక హనుమన్న అని ఒక రైతు బుడ్డల బండిలో, వేరుశనగ మూటల మీద ఎక్కించుకున్నాడు. వెల్దుర్తి చేరేసరికి సాయంత్రమైంది. కర్నూలు ఆసుపత్రికి మరుసటి దినం పోయినాము. సూదులు వేసినారు. నాలుగో దినం జ్వరం దిగింది, బిడ్డ కండ్లు తెరిచి రొట్టె అడిగింది. గురమ్మ అందరికీ దండాలు పెట్టింది. ఇంటికి వచ్చిన మూడో దినం బసమ్మ వెనక ఇత్తడి బిందె జారి బండ మీద పడింది. నేను ఉలిక్కిపడినాను. అది తలెత్తలేదు.

మళ్ళీ కర్నూలు తీసుకుపోతే, చెవులు ఇంక రావు అన్నారు. ఒక దినం ముందు తెచ్చి ఉంటే అని అడిగినాను. "ఏమో, చెప్పలేము" అన్నాడు డాక్టరు.

నీ జాబు నాకు మూడో తేదీనే అందింది. గురమ్మకు చదివి వినిపించి, నవ్వి, చూరులో చెక్కినాను. వారం దినాలు అది అక్కడే ఉంది. దొర డబ్బాలు షెడ్డులోనే ఉన్నాయి. నీ మాట విని తీసేస్తే సావుకారు ముందర చిన్నబోతానని తీయలేదు. ఇంకే కారణమూ లేదు.

గుట్ట కాడ కారు ఎందుకు ఆగిందో గురమ్మకు ఇంకా తెలీదు. నీకు తెలిస్తే నువ్వు బిడ్డను తీసుకపోతావు. తీసుకపోవడం న్యాయమే. మాకు పిల్లలు లేరు, గురమ్మకు లోకమంతా అదే. ఈ రెండూ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని పది దినాలుగా కూర్చున్నాను. నాకు దుఃఖం రావడం లేదు. ఆకలి అవుతోంది, తింటున్నాను.

రామలింగప్ప

బేతంచెర్ల,
29 డిసెంబరు 1946

చిరంజీవి చౌడప్పకు దీవెనలు. జాబు ఆలస్యమైంది. బసమ్మకు జ్వరం వచ్చి తగ్గింది. ఇప్పుడు అన్నం తింటోంది. మీ వదిన బాగుంది. చలి ఎక్కువగా ఉంది.

రామలింగప్ప

మద్రాసు,
12 జనవరి 1947

అన్నకు, వదినకు నమస్కారాలు. నాలుగు ముక్కల జాబు రాసినావే, పోస్టు మాస్టరు కత్తెర వేసినాడా ఏమి! మిలిటరీలో మా జాబులు ఇట్లే వచ్చేవి.

జ్వరం తగ్గింది కదా, అది చాలు. ఇక్కడ పాత సామాన్ల బజారులో బసమ్మకు ఒక నోటి బాజా కొన్నాను. ఎవరో సోల్జరు అమ్ముకున్నదంట, కొంచెం సొట్ట పడింది గానీ పలుకు బాగుంది. పార్సెల్లో పంపిస్తున్నాను. దానికి పాట రాకపోయినా ఫరవాలేదు, ఊదితే చాలు. మన ఇంట్లో అందరూ మూగ మొండోళ్ళే, ఒక్కరైనా చప్పుడు చేయాల. ఊదినప్పుడు ఏమనిందో తప్పక రాయి.

గేరు పెట్టె సంగతి రాయనే లేదు. నూనె తీసేసినావా? ఏమీ రాయలేదంటే తీసేసినావని, చెప్పడానికి సిగ్గుపడినావని అనుకుంటున్నాను.

చౌడప్ప

బేతంచెర్ల,
27 జనవరి 1947

చిరంజీవి చౌడప్పకు. బాజా చేరింది. గురమ్మ పెట్టెలో పెట్టింది. బసమ్మకు దాని మీద మనసు పోలేదు.

సావుకారు కారును షెడ్డులో పెట్టేసినాడు. నేను ఎద్దుల బండి మీద బండలు స్టేషనుకు తోలుతున్నాను. ఎద్దులకు గేర్లు లేవు. పని సులువుగా ఉంది.

రామలింగప్ప

మద్రాసు,
9 ఫిబ్రవరి 1947

అన్నా,

మీ పక్క ఊరి సుబ్బయ్య బండల బేరానికి ఇక్కడికి వచ్చి నన్ను చూసిపోయినాడు. నీతో చెప్పకుండా ఒకటి అడిగినాను, నా బిడ్డ ఎట్లుంది అని. "మీ ఇంటి ముందర ఆడుకుంటాంటే పిలిచినానప్పా. మీ నాయన కాడికి పోతాండా, ఏమన్నా చెప్పల్లనా అని రెండుసార్లు అడిగినా. మొగం కూడా తిప్పల్యా. మీ వదిన వచ్చి ఎత్తుకోని లోపలికి పోయింది" అన్నాడు.

దాని అర్థం నాకు తెలీదనుకోవద్దు. నాయన అన్న మాటకు తల తిప్పకూడదని ఎవరో నేర్పిస్తేనే గదా అయిదేండ్ల బిడ్డ అట్ల చేసేది. నేను పంపిన బాజా పెట్టెలో పెట్టినారు. నా జాబుకు రెండు ముక్కలు జవాబు. దత్తత కావాలనుకుంటే నోరు తెరిచి అడుగు అన్నా. వదిన అడిగితే నేను కాదంటానా? పెంచిన చేయి ఆమెది. అడగకుండా నన్ను చంపేసి, బిడ్డకు నాయన లేడని చెప్పడం ఏమి పద్ధతి?

మీరు మంచివాళ్ళనే ఇంతకాలం నేను నిశ్చింతగా ఉంటిని. ఇప్పుడు జీతం కోసినా సరేనని సెలవు అడుగుతున్నాను.

చౌడప్ప

బేతంచెర్ల,
18 ఫిబ్రవరి 1947

చౌడప్పా,

మీ వదినను ఏమీ అనొద్దు. ఆమెకు తెలియదు. బసమ్మకు నీ పేరు మీద కోపం లేదు, ఎవరూ ఏమీ నేర్పలేదు.

దీంతో పాటు డిసెంబరులో రాసి, పోస్టు చేయకుండా పెట్టుకున్న జాబు పెడుతున్నాను. తేదీ చూసుకో. అదే దినం నీకు ఇంకో జాబు పంపినాను. నిజం ఇందులో ఉంది.

నా తప్పేనా కాదా, నువ్వు చెప్పు. నాకు ఎవరూ చెప్పడం లేదు.

రామలింగప్ప

మద్రాసు,
10 మార్చి 1947

అన్నా,

రెండు జాబులూ అందినాయి. చదివి మడిచి జేబులో పెట్టుకుని షెడ్డుకు పోయినాను. ఆ దినం మూడు బండ్లకు నూనె మార్చినాను. దేనికీ తప్పు చేయలేదు.

కోపం వస్తుందని ఇన్ని దినాలు కాచుకున్నాను. వస్తే ఆ కోపంలోనే నీకు రాయాలనుకున్నాను. రాలేదు. ఏడుపు కూడా రాలేదు. గదిలో నాతో ఉండే రామకృష్ణ, "ఒంట్లో బాగాలేదా?" అని అడిగినాడు. బాగుందన్నాను, నిజంగానే బాగుంది.

నీ తప్పేనా అని అడిగినావు. మందపు నూనె పోసినావు, కారు ఆగింది. అది నీ తప్పే. జ్వరం చెవులు తీసుకుపోయింది. అది నీ తప్పో కాదో డాక్టరుకే తెలీనప్పుడు నేనెట్ల చెప్పేది? నాకు తెలిసింది ఒక్కటే. నువ్వు మొదటి జాబు రాసినప్పుడు నేను రైలెక్కి ఉంటే ఆ నూనె నేనే మార్చేవాణ్ణి. ఒక్క దినం ప్రయాణం. నాకు జాబు రాయడమే సులువనిపించింది. ఎవరిది ఎంత అని పంచుకోవడం నాకు చేతకాదు, పంచుకుంటే తగ్గుతుందా?

ఇక్కడ చెవులు వినపడని పిల్లలకు ఒక బడి ఉంది. పోయి చూసినాను. అక్కడి టీచరమ్మ అద్దం ముందు కూర్చోబెట్టి పెదవులు చూసి మాట పట్టడం నేర్పిస్తుంది. పిల్లలు అక్కడే ఉంటారు, అక్కడే తింటారు. ఆదివారం నేను పోయి చూడొచ్చు. ఆలస్యం చేస్తే ఉన్న మాటలు కూడా మరిచిపోతుందని చెప్పినారు. వచ్చే నెల చేర్చుకుంటామన్నారు.

నిన్ను శిక్షించడానికి కాదు అన్నా. అట్లని వదిన అనుకున్నా నేను ఏమీ చేయలేను. ఏప్రిల్ అయిదో తేదీ వస్తాను, ఆరో తేదీ రైలుకు తీసుకపోతాను. వదినకు నువ్వే చెప్పు.

చౌడప్ప

బేతంచెర్ల,
21 మార్చి 1947

చౌడప్పా,

గురమ్మకు చెప్పినాను. బడి సంగతి, నూనె సంగతి, రెండూ. చేటలో జొన్నలు చెరుగుతుండె. చేట కింద పెట్టి, "అట్లనా" అనింది. మళ్ళీ చేట తీసుకునింది. మూడు దినాలు నాతో మాట లేదు. నాలుగో దినం అన్నం పెడుతూ, "పంపు. ఈడుంటే మనమేం నేర్పిస్తాము దానికి, బండలు మోసేదా?" అనింది. అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇంక నువ్వు తెలుసుకోవాల్సినవి రాస్తాను. వెనక నుంచి పోయి తాకొద్దు, భయపడుతుంది. కాలితో నేల మీద తట్టు, ఆ అదురుకు తిరిగి చూస్తుంది. ఇప్పుడు శానా గట్టిగా మాట్లాడుతోంది, తన మాట తనకే వినపడదు కాబట్టి. రైల్లో జనం నవ్వితే నవ్వనియ్యి, దాన్ని మాత్రం నోరు మూయమనొద్దు. ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ళ గొంతు మీద చేయి పెట్టి చూస్తుంది. గురమ్మ గొంతు మీద అట్ల చేయి పెట్టుకునే నిద్రపోతుంది. నువ్వు కూడా పెట్టుకోనియ్యి. మాటలు ఏవైనా ఫరవాలేదు, గొంతు ఆడుతుండాల. రొట్టె అంచులు తినదు, నువ్వు తిను.

నువ్వు నాయనవని చెప్పడానికి మాకు మార్గం లేదు. గురమ్మ నీ చేయి తీసి దాని చేతిలో పెడతానంటోంది. దానికి ఎంత అర్థమైతే అంత.

గురమ్మ స్టేషనుకు రాదు. ఇంటి కాడే ఉంటానంది. నేను రాకపోతే బిడ్డ రైలెక్కదు, అందుకని డోను స్టేషను దాకా మీతో వస్తాను. అక్కడ నీళ్ళకు దిగినట్టు దిగుతాను. మళ్ళీ చూడడానికి వస్తానని దానికి చెప్పడానికి లేదు. ఎట్ల చెప్పాలో రెండు దినాలు ఆలోచించినాను, చేతులతో ఏమి చేసినా "ఇప్పుడే వస్తాను" అన్నట్టే అవుతోంది. రైలు కదిలేదాకా నేను ప్లాట్‌ఫారం మీద ఒక స్తంభం వెనక ఉంటాను. నువ్వు దాన్ని ప్లాట్‌ఫారం వైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టొద్దు.

రామలింగప్ప